ఓడ దిగమని చెప్పడానికి

శోభారాణి అత్త పెనుకొండలో మా స్టూడియో మెట్లెక్కి, చెప్పులైనా విడవకుండా నేరుగా మా నాయన ముందుకొచ్చి నిలబడింది. ధర్మవరం నుంచి బస్సులో వచ్చిన మనిషి. నీళ్ళిస్తే తాగలేదు, కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"బుడన్నా, మా పవన్‌ను ఓడ ఎక్కించింది నువ్వే. నువ్వే దింపు" అంది.

మా నాయన బుడన్‌సాబ్ కళ్ళద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. జవాబు దొరకనప్పుడల్లా ఆయన కళ్ళద్దాల మీద దుమ్ము పడుతూ ఉంటుంది. నేను కంప్యూటర్ ముందు పెళ్ళి ఆల్బం సర్దుతూ, ఈ పంచాయితీ ఎంతదాకా పోతుందో చూద్దామని చెవి అటు వేశాను.

అత్త అంత మాట అనడానికి కారణం ఉంది. మా నాయన జాతర ఫోటోగ్రాఫర్. కదిరి తేరు, లేపాక్షి ఉత్సవం, మా పెనుకొండ బాబయ్య ఉరుసు, ఎక్కడ జనం చేరితే అక్కడ డేరా వేసి, వెనకాల ఓడ బొమ్మ పరదా కట్టి ఫోటోలు తీసేవాడు. తెల్లటి ఓడ, ఎర్రటి పొగగొట్టాలు, నీళ్ళలోంచి ఎగిరే చేపలు. హిందూపురంలో సినిమా బోర్డులు రాసే ఆర్టిస్టు రాసిచ్చిన పరదా అది. రాసినాయన సముద్రం చూడలేదు, రాయించినాయన చూడలేదు, దాని ముందు నిలబడి ఫోటో దిగినవాళ్ళలో నూటికి తొంభై మంది చూడలేదు. అందుకే ఎవరికీ ఏ లోపమూ కనబడలేదు. పరదా ముందు ఒక ఇనుప కమ్మీ ఉండేది. దాన్ని పట్టుకుని నిలబడితే ఫోటోలో ఓడ మీద నిలబడినట్టే పడేది.

పవన్ చిన్నప్పుడు కదిరి తేరులో ఆ కమ్మీ పట్టుకుని దిగనని మొండికేశాడు. పీచుమిఠాయి కొనిస్తే గానీ వదల్లేదు. అలాంటి పిల్లలు జాతరకు పదిమంది ఉంటారు, ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కానీ పవన్ పెద్దవాడై అగ్నివీర్‌గా నేవీకి ఎంపికయ్యాడు. అంతే, ధర్మవరంలో అందరికీ ఆ సంగతి ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఒకవైపు చిన్నప్పటి ఫోటో, ఇంకోవైపు తెల్ల యూనిఫారం ఫోటో పెట్టి స్టేషన్ దగ్గర ఫ్లెక్సీ కట్టారు. "ధర్మవరం ముద్దుబిడ్డ" అని పైన పెద్దక్షరాలు. ఆ ఫ్లెక్సీ డిజైన్ నాదే, బాగానే వచ్చింది.

ఇప్పుడు నాలుగేళ్ళ గడువు అయిపోవస్తోంది. ఇంటికి వచ్చేసేవాళ్ళు వచ్చేయొచ్చు, ఉంటామనేవాళ్ళు పేరిచ్చుకోవచ్చు. అందరినీ తీసుకోరట గానీ పవన్‌కు తప్పకుండా వస్తుందని పై ఆఫీసర్లే అంటున్నారట. పవన్ ఫోన్ చేసి పేరిస్తానని చెప్పాడు. అప్పటి నుంచి అత్తకు ముద్ద దిగడం లేదు.

"ఒక్క బిడ్డప్పా నాకు. వాడు లేంది ఇల్లు ఇల్లు మాదిరే లేదు. ఇంగ పదైదేండ్లు అంటాండాడు. నా వల్ల కాదు" అంది.

"నువ్వే అడగొచ్చు గదా చెల్లెమ్మా?" అన్నాడు నాయన.

"నేనడిగితే ఏడుస్తా. నేనేడిస్తే వాడు సరే అంటాడు, అని మనసులో పెట్టుకుంటాడు. రేపొద్దున నీ వల్లనే వచ్చేస్తినని ఒక్క మాటంటే నేనేం గావాల? నువ్వయితే వాడిని ఎక్కించినోడివి. నీ మాట వేరే."

వచ్చే వారం వైజాగ్‌లో నేవీ వాళ్ళ పెద్ద పండగ ఉంది. దేశదేశాల ఓడలు వస్తాయి. పవన్ పనిచేసే ఓడ కూడా కొచ్చిన్ నుంచి అక్కడికే వస్తోంది. జనాన్ని ఓడ ఎక్కనిస్తారు. అత్త టికెట్ల సంగతి కూడా మాట్లాడుకునే వచ్చింది.

నాయన కళ్ళద్దాలు పెట్టుకుని, "వస్తాలేమ్మా. చెప్తా" అన్నాడు. మాటిచ్చాడంటే ఇచ్చినట్టే, ఆ విషయంలో మా నాయనకు మహా చాదస్తం. ఇక నేను కూడా బయల్దేరక తప్పలేదు. వీళ్ళిద్దరినీ అంత దూరం పంపిస్తే, ఒకరు తప్పిపోతే వెతకడానికి పోయి ఇంకొకరు తప్పిపోయే రకం.

పవన్ నాయన రంగప్ప మామ రాలేదు. మగ్గం మీద చీర సగంలో ఉందని, భుజం నొప్పిగా ఉందని, మీరు పోయి రమ్మని ధర్మవరం స్టేషన్‌కు వచ్చి మమ్మల్ని రైలెక్కించాడు. అత్త పట్టుచీర కట్టుకుంది. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, పవన్ కోసం చేసిన తీపి ఓళిగలు ఒక సంచిలో, కుంకుమ భరిణె ఇంకో చిన్న సంచిలో. రైలు గుంతకల్లు దాటిందో లేదో నాయనకు పరీక్ష మొదలైంది.

"ఏమని చెప్తావో చెప్పన్నా, విందాం."

"నాయనా పవనూ, చాల్లే, ఇంటికి రా అంటా."

"చాల్లే అనొద్దు. ఏదో తప్పు చేసినోన్ని పిలిచినట్లుంటాది."

"అట్లయితే, మీ అమ్మ బెంగ పెట్టుకున్యాది, రా నాయనా అంటా."

"నా పేరు ఎత్తనే వద్దంటి గదా!"

పై బెర్తులో పడుకుని నవ్వాపుకోలేక నేను దుప్పటి నోటికి అడ్డం పెట్టుకున్నాను. చివరికి "దిగిరా నాయనా" అని ఒక్క మాట చాలని ఇద్దరూ తీర్మానించుకున్నారు. ఆ ఒక్క మాట తేలడానికి నంద్యాల దాకా పట్టింది.

వైజాగ్‌లో దిగగానే ఎక్కడ చూసినా జెండాలు, తోరణాలు, రంగు దీపాలు. బీచ్ రోడ్డు పొడుగునా కట్టెలతో అడ్డాలు కట్టి జనాన్ని నడిపిస్తున్నారు. మా వైపు జాతరలన్నీ నేను చూశాను. దేవుడు తేరెక్కి జనం మధ్యలోకి వస్తాడు, జనం తేరు చుట్టూ తిరుగుతారు. ఇక్కడ అందరూ రోడ్డుకు వీపు పెట్టి సముద్రం వైపే చూస్తున్నారు. చెరువు నిండి మరవ మీంచి నీళ్ళు పారుతున్నాయని తెలిస్తే మేమూ ఇలాగే బండ్లు కట్టుకుని పోయి చూస్తాం. మాకు ఎన్నేళ్ళకో ఒకసారి వచ్చే పండగ అది. ఇన్ని నీళ్ళు రోజూ కళ్ళ ముందే ఉన్నా వీళ్ళు పండగ చేసుకుంటున్నారంటే నాకు ముచ్చటేసింది, కొంచెం కుళ్ళు కూడా కలిగింది.

ఓడ ఎక్కడానికి హార్బర్‌లో పెద్ద వరస. బడి పిల్లలు చేతిలో చిన్న జెండాలతో కేరింతలు కొడుతున్నారు. బ్యాండు వాయిస్తున్నారు. వరస మలుపు తిరగగానే ఓడ కనబడింది. నాయన అక్కడికక్కడే ఆగిపోయాడు.

"బూడిద రంగా?" అన్నాడు.

"ఏం రంగుంటాదనుకున్యావు?" అన్నాను నేను.

"ఎర్ర పొగగొట్టం యాడుండాది? కిటికీలు లేవు, ఏం లేవు. ఇన్నాళ్ళు జనాలకు ఏం చూపిస్తినో ఏమో" అని తలకాయ అడ్డంగా ఊపాడు. కానీ దగ్గరకు పోయేకొద్దీ ఆ ఇనుప గోడ మీదికి మీదికి పెరిగింది. ఆయన మెడ వెనక్కి వంచి చూస్తూ నడిచాడు.

ఓడ మీదికి ఎక్కే నిచ్చెన మొదట్లో అత్త, నాయన ఇద్దరూ చెప్పులు విడిచి చేత పట్టుకున్నారు. అక్కడున్న నావికుడు నవ్వి, ఇనుము కాలుతుంది, వేసుకోండని సైగ చేశాడు. నాయన వేసుకున్నాడు. అత్త మాత్రం వేసుకోలేదు. చిన్న సంచిలోంచి భరిణె తీసి, నిచ్చెన పక్కనున్న కమ్మీకి కుంకుమ బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుంది.

ఆమె ఏమీ ఆలోచించి చేసిన పని కాదది. నేసేవాళ్ళ ఇళ్ళలో మగ్గానికి బొట్టు పెట్టకుండా పని మొదలుపెట్టరు. కొత్త మోటారు కొన్నా, మిక్సీ కొన్నా ముందు బొట్టే. అత్త చెయ్యి దానంతటదే భరిణెలోకి పోయింది. కొడుకును దింపుకుని పోవడానికి వచ్చిన మనిషి ఓడకు బొట్టు పెడుతోందేమిటా అని నాకు అప్పటికప్పుడే అనిపించింది. ఆ మాట పైకి అన్నా ఆమె వినే స్థితిలో లేదు.

వరసలో ఉన్నవాళ్ళు చూశారు. ఒకామె ఫోన్ పైకెత్తింది, వెనకాల ఇంకో పదిమంది ఎత్తారు. పైనుంచి పవన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. తెల్ల యూనిఫారం, తెల్ల టోపీ. ఎండకు నల్లబడ్డాడు, బాగా చిక్కాడు. "అమ్మా!" అని చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళాడు. నాయనను చూసి, "మామా! నువ్వూ వచ్చినావా! ఫరీనక్కా!" అని మా అందరినీ ఒకేసారి పలకరించాడు. అత్త వాడి చెంపలు రెండు చేతులతో తడిమింది.

ఆమె ఓళిగల సంచి విప్పబోయేలోపే ఒక ఆఫీసర్ వచ్చాడు. బొట్టు సంగతి అప్పటికే ఆయన దాకా పోయింది. నిండుగా నవ్వుతూ అత్తకు నమస్కారం పెట్టి, ఏ ఊరని అడిగాడు. పవన్ చెప్పాడు. ఆఫీసర్ మైకు తెప్పించుకుని హిందీలో గట్టిగా మాట్లాడాడు. వానే సరిగా పడని ఊరి నుంచి ఈ తల్లి వచ్చింది, ఉన్న ఒక్క కొడుకును సముద్రానికి ఇచ్చింది, ఈ రోజు మన ఓడకు తన చేత్తో తిలకం దిద్దింది అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు, నాకు అనుమానం లేదు. ఓడ మీద, కింద, వరసలో ఉన్న జనమంతా చప్పట్లు కొట్టారు. బడి పిల్లలు జెండాలు ఊపారు.

"ఏమంటాండాడే?" అని అత్త నా చెయ్యి గిల్లింది.

"కొడుకును సముద్రానికి ఇచ్చినావంట అత్తా."

"ఎవురిచ్చిరి? నేనెప్పుడిస్తి?" అంది చిన్నగా. కానీ చప్పట్లు ఆగలేదు. ఒక టీచరమ్మ పిల్లలను తీసుకొచ్చి అత్త కాళ్ళకు దండం పెట్టించింది. ఒకాయన మైకు నోటి దగ్గర పెట్టి ఏమైనా చెప్పమ్మా అన్నాడు. అత్త చుట్టూ చూసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె మాట వినడానికి అంతమంది ఎదురుచూసింది ఎప్పుడూ లేదు. కొంగు భుజం నిండా కప్పుకుని, "నా కొడుకు మా ఊరికంతా పేరు తెచ్చినాడు" అంది. మళ్ళీ చప్పట్లు.

ఆమె మొహం చూస్తే నాకు ఒళ్ళు మండింది, జాలీ వేసింది. తప్పు పట్టడానికి నోరు రాలేదు. రోజంతా మగ్గం పక్కన దారం చుట్టే మనిషి, ఆమెకు చప్పట్లు కొట్టేదెవరు?

ఆ సందడిలో పవన్ ఆమె చెవి దగ్గరికి వంగి, "అమ్మా, నాయన ఒక్కడే నేస్తాండాడా? భుజం నొప్పి తగ్గిందా?" అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి వినబడింది.

"అవన్నీ ఇప్పుడెందుకురా? ఆడ చూడు, ఫోటో తీస్తాండారు" అని అత్త వాడి గడ్డం పట్టి కెమెరా వైపు తిప్పింది. తర్వాత మా నాయన దగ్గరికి జరిగి, పళ్ళ మధ్య నుంచి, "అన్నా, ఇప్పుడు ఏం అనొద్దు. ఉండనీ. ఇంత గౌరవం చూసినాంక మళ్ళా మగ్గం కాడికి పిలుస్తే బాగుండదు" అంది.

నాయన తలూపాడు. అప్పటికి ఆ మాట అక్కడితో అయిపోయింది.

జనం కాస్త పలచబడ్డాక, మీ ఇద్దరినీ నేనొక ఫోటో తీస్తానన్నాడు నాయన. నా ఫోన్ తీసుకున్నాడు. ఫోటో తీయడంలో ఆయనది ఒక పద్ధతి. అందరూ నవ్వమంటారు, ఆయన అనడు. నవ్విన మొహాలు అన్నీ ఒకటే, వాళ్ళెవరో తెలీదు అంటాడు. "రెడీ" అంటాడు, ఒకటి నొక్కుతాడు, "అయిపాయ" అంటాడు. అమ్మయ్య అనుకుని మనిషి ఊపిరి వదులుతాడు చూడండి, అప్పుడు అసలు ఫోటో తీస్తాడు. జాతరల్లో ఆ రెండో ఫోటోలనే జనం ఇళ్ళలో గోడకు కట్టుకున్నారు.

"రెడీ" అన్నాడు. అత్త, పవన్ ఇద్దరూ నవ్వారు. "అయిపాయ" అన్నాడు.

అత్త ఇంకా నవ్వుతూనే ఉంది. పవన్ మొహంలో నవ్వు ఒక్కసారిగా పోయింది. నాయన వేలు ఫోన్ మీదే ఉంది. నేను ఆయన భుజం మీదుగా తెర చూస్తున్నాను. కళ్ళు లోపలికి పోయి, పెదవులు ఎండి, నిద్రలేని మొహం. భయమో, అలసటో, ఏదైనా అనుకోండి, అది మాత్రం ఓడ మీద సంతోషంగా ఉన్న పిల్లవాడి మొహం కాదు. రెండు క్షణాలు కాకముందే పక్కన ఎవరో సెల్ఫీ అన్నారు, వాడు మళ్ళీ నవ్వేశాడు.

నాయన ఫోన్ నా చేతిలో పెట్టాడు. కళ్ళద్దాలు తుడుచుకోలేదు. నేరుగా పోయి పవన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"దిగిరా నాయనా" అన్నాడు.

పవన్ కదల్లేదు. మా నాయనను కాదు, వాళ్ళమ్మను చూశాడు. అత్త మొహం జేవురించింది.

"ఆయప్ప మాటలు పట్టించుకోగాకు. వయసైపాయ, ఏం మాట్లాడతాడో ఆయప్పకే తెలీదు" అంది.

పవన్ "సరే మామా. లైన్ ఆగిపోయింది, పోవాల. రేపు సాయంత్రం మా ఓడ సముద్రంలో నిలబడుతుందమ్మా, బీచ్ కాడి నుంచి చూడండి. ఫోన్ చేస్తా" అని చెప్పి, తర్వాత వచ్చిన గుంపు దగ్గరికి వెళ్ళి, తుపాకీ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు చాలా హుషారుగా ఉంది. ఓళిగల సంచి అత్త చేతిలోనే ఉండిపోయింది, నేనే గుర్తుచేసి ఇప్పించాను.

లాడ్జికి వచ్చాక అత్త మా నాయనతో మాట్లాడడం మానేసింది. నేను మధ్యలో పోస్టు మనిషినయ్యాను. "మీ నాయనను టిఫిను తింటాడేమో అడుగు." "ఇడ్లీ తింటానని అత్తకు చెప్పు." ఒకే బల్ల దగ్గర కూర్చుని ఈ సంబడం. నాకు విసుగొచ్చి, ఫోన్ తీసి ఆ రెండో ఫోటో అత్త ముందు పెట్టాను.

చాలాసేపు చూసింది. "ఎండకు కండ్లు చికిలించినాడు" అంది.

"చికిలించిన కండ్లు ఇట్లుంటాయా అత్తా?"

"నీకు పెండ్లి ఆల్బాలు చేసి చేసి అందరూ ఏడ్చినట్లే కనబడతారు" అని ఫోన్ నా వైపు తోసింది. నాయన ఇడ్లీ తింటూ తల ఎత్తలేదు. తర్వాత నేను ఆయన్ను విడిగా అడిగాను, ఆమె వద్దన్నాక ఎందుకు చెప్పావని. "మాటిచ్చింది ఆమెకే. కానీ చూసింది వాన్ని" అన్నాడు.

మర్నాడు సాయంత్రం బీచ్ రోడ్డు మీద నిలబడడానికి చోటు లేదు. మధ్యాహ్నం నుంచే జనం గట్ల మీద, మెట్ల మీద కూర్చుని ఉన్నారు. విమానాలు వరసగా వచ్చి గిరికీలు కొట్టాయి. దూరంగా సముద్రంలో ఓడలు బారులు తీరి ఉన్నాయి. అత్త కొంగు బిగించి, దారిలో కనబడిన ప్రతివాళ్ళకూ మా అబ్బాయి ఆడ ఉండాడు అని చెప్పుకుంటూ ముందుకు తోసుకుంటూ పోయింది. మా నాయన ఆమె వెనకే, నేను నాయన వెనకే. మేము గట్టు దగ్గర చోటు సంపాదించేసరికి పొద్దు గూకింది.

ఒక్కసారిగా ఓడలన్నీ వెలిగాయి. ముక్కు నుంచి తోక దాకా, కింది నుంచి పై కమ్మీ దాకా దీపాల దారాలు కట్టినట్టు అన్నీ ఒకేసారి. జనం "హో" అని అరిచారు. నా నోట్లోంచీ అదే వచ్చింది. అబద్ధం ఎందుకు, అంత అందం నేను ఎక్కడా చూడలేదు.

"మనోనిది యాది?" అని అడిగింది అత్త.

నాకేం తెలుసు? పగలైతే ఏదో ఆనవాలు పట్టేదాన్నేమో. ఇప్పుడు ఇనుము కనబడడం లేదు, మనుషులు కనబడడం లేదు, ఓడ ఆకారంలో దీపాలు తప్ప ఏమీ లేవు. అన్నీ ఒకటే మాదిరి. పక్కన నిలబడిన వైజాగ్ ఆమె, "ఏటమ్మా, మీ బాబు నేవీలోనా? ఏ షిప్పు?" అని అడిగింది. అత్త పేరు చెప్పింది. "ఆ చివర ఉందే, అదేనేమో" అని ఆమె వేలు చూపించింది. వెనకున్న ఒకాయన కాదు, మధ్యలోది అన్నాడు. ఇంకో పిల్ల ఫోన్‌లో చూసి మరొకటి చెప్పింది. అత్త ముగ్గురూ చూపించిన వైపల్లా మెడ చాచి చూసింది. ప్రతిదాన్నీ ఇదేనేమో అన్నట్టు చూసి, కాసేపటికి చూడడం ఆపేసింది.

చుట్టూ అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆమె చేతులు గట్టు మీద ఉన్నాయి.

"ఫరీనా, నిన్న వాడేదో అడిగినాడే నన్ను."

"మామ ఒక్కడే నేస్తాండాడా అన్నాడు. భుజం నొప్పి తగ్గిందా అన్నాడు."

"నేనేం చెప్తి?"

ఆమెకు గుర్తుంది.

అత్త మా నాయన వైపు తిరిగింది. నిన్నటి నుంచి మొదటిసారి. "అన్నా, వాడికి ఆడ బాగలేదా?" అని అడిగింది. ఆ గొంతు విని నాకు కళ్ళు చెమర్చాయి.

"నాకేం తెలుసమ్మా. నాకు మొహం తెలుస్తాది, మనసు తెలీదు. నువ్వు అడుగు, చెప్తాడు" అన్నాడు నాయన.

"నేనడిగితే వాడు నా కోసం చెప్తాడు."

"ఆ మాట కూడా చెప్పే అడుగు."

అప్పుడే ఫోన్ మోగింది. పవనే. అత్త ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడుతుంది, చెవికి పెట్టుకుంటే ఆమెకు సగం మాట వినబడదు. రెండు చేతులతో పట్టుకుని నోటి దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, చూస్తాండారా? లైట్లు బాగుండాయా?" అన్నాడు పవన్. అదే హుషారు గొంతు.

"బాగుండాయి. నువ్వే కనబడ్డంలేదు" అంది అత్త.

అవతల నవ్వు వినబడింది. "ఇంత దూరంలో ఎట్ల కనబడతా?"

"మీ నాయన ఒక్కడే నేస్తాండాడు. భుజం తగ్గలేదు. నువ్వు దాని కోసం రావద్దు, మందు పూస్తాండా" అంది. ఇంకో ఊపిరి తీసుకుంది. "నా కోసమూ రావద్దు. ఊరోళ్ళు ఏమనుకుంటారో అని ఆడనే ఉండనూ వద్దు. ఆ ఫ్లెక్సీ చించి పొయ్యిలో పెడతా. నీకు ఆడ ఉండాలని ఉండాదా, లేదా? అది చెప్పు. ఇన్నాళ్ళూ నేను అడగలేదు గదా, ఇప్పుడు అడుగుతాండా."

లైన్ పోయిందేమో అనుకున్నాను. తెర మీద నిమిషాలు నడుస్తూనే ఉన్నాయి.

"అమ్మా" అన్నాడు. హుషారంతా పోయింది. మా ధర్మవరం పిల్లవాడి గొంతే అది. "ఓడ కదిలిందంటే నాకు అన్నం నిలవదమ్మా. నాలుగేండ్లాయ, ఇంగా అంతే. కింద పండుకుంటే పైన ఆకాశం ఉండదు. ఎవురికీ చెప్పలే. చెప్తే ఊర్లో నిన్ను, నాయనను..."

సముద్రం మీద బాణాసంచా లేచింది. ఎర్రగా, పచ్చగా ఆకాశమంతా విచ్చుకుంది. గట్టు పొడుగునా జనం ఒక్కసారిగా లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టారు. ఈలలు, కేకలు. పవన్ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, ఒక్క ముక్క వినబడడం లేదు.

"నాయనా, గట్టిగా చెప్పు! ఏమంటివి?" అని అత్త ఫోన్ చెవికి ఆనించుకుంది, మళ్ళీ తీసి చూసింది, మళ్ళీ ఆనించుకుంది. మా నాయన తన రెండు చేతులూ ఫోన్ చుట్టూ దొప్పలా పెట్టాడు. లాభం లేదు.

అత్త వెనక్కి తిరిగింది. ఎదురుగా అంతమంది జనం, అందరి మొహాల మీదా బాణాసంచా వెలుగు. నిన్న మైకు ముందు నిలబడినప్పటి సిగ్గు ఇప్పుడు లేదు. ఖాళీగా ఉన్న చెయ్యి పైకెత్తింది.

"కొట్టొద్దప్పా! మీ కాళ్ళు మొక్కుతా, కాసేపు చప్పట్లు కొట్టొద్దండప్పా!" అని ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. "నా కొడుకు మాట్లాడుతాండాడు!"

వైజాగ్ ఆమె ముందుగా చేతులు దించింది.